బండి వెనక తెల్లచుక్క

శ్రీరాములుగారి అంబాసిడర్ సోమవారం పొద్దున మళ్ళీ మొండికేసింది. తాళంచెవి తిప్పితే లోపలెక్కడో టక్కుమని ఒక్క చప్పుడు, ఆ తర్వాత మౌనవ్రతం. వీధిలో వాళ్ళకిది అలవాటైపోయింది. ఎదురింటి శర్మాజీ టిఫిన్ డబ్బా గేటు మీద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చేశాడు. "ఆ జాయియే భాయీ, కప్తాన్ సాబ్ కీ సవారీ నికలేగీ!" అని, కెప్టెన్‌గారి ఊరేగింపు కదలాలి రమ్మంటూ, పక్కిళ్ళవాళ్ళను కేకేశాడు. అందరూ నవ్వుతూనే తోశారు. స్టీరింగు ముందు కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు.

హైమవతి కూడా తోసింది. ఆమె శ్రీరాములుగారి చిన్న కూతురు, ఢిల్లీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతోంది. ఫరీదాబాద్‌లోని ఇంటినుంచి రోజూ బస్సులో వేలాడుతూ వెళ్ళొచ్చే మనిషి, సోమవారాలు మాత్రం నాన్న ఢిల్లీ పొలిమేరలో బదర్‌పూర్ దాకా దింపుతారని ఆశపడుతుంది. ఆ ఆశ వినాయకచవితి వెళ్ళిన దగ్గర్నుంచి సరిగ్గా తీరడం లేదు. బండి వీధి చివర దగ్గి, పొగ కక్కి, ఎలాగో ఊపిరి పోసుకున్నాక ఆమె పరుగెత్తి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

"లైట్లు ఆపాను," అన్నారాయన, ఎవరూ అడక్కుండానే. "శనివారం ఇంటికి రాగానే ఆపాను. స్విచ్చి తడిమి చూశాను కూడా."

"తెలుసు నాన్నా."

"నీకెలా తెలుసు?"

హైమకి తండ్రి మాట నిజమని నమ్మాలని ఉంది గానీ, నమ్మకం వేరు, తెలియడం వేరు. ఫిజిక్సు చదివేవాళ్ళకి ఈ తేడా కాస్త ఎక్కువ బాధ పెడుతుంది.

శ్రీరాములుగారు మామూలు డ్రైవరు కాదు. ముప్ఫయ్యేళ్ళు సైన్యంలో బండ్లు బాగుచేసే వర్క్‌షాపుల్లో పనిచేసి, ఆనరరీ కెప్టెన్‌గా బయటికొచ్చిన మనిషి. తర్వాత ఫరీదాబాద్‌లోనే ఒక ఫ్యాక్టరీలో లారీల షెడ్డు చూసుకుని, పోయినేడు అదీ మానేశారు. ఆయన చేతిపనికి ఒక ముద్ర ఉండేది. ఏది కట్టినా మైనం పూసిన దారంతో ఒకే రకం ముడి వేసేవారు. చుట్లు పక్కపక్కనే ఒత్తుగా చుట్టి, కొసని మడిచి లోపలికి దూర్చి, చివర చిన్న చెవిలాగా బయటికి వదిలేసేవారు. బట్టలారేసే తీగకీ, చిక్కుడు పందిరికీ, హైమ హాస్టల్లో ఉన్నప్పటి పరుపుచుట్టకీ అదే ముడి. "ఆ చెవి పట్టుకుని లాగితే విడిపోతుంది. లాగకపోతే నీ పెళ్ళిదాకా ఉంటుంది," అనేవారు.

అలాంటి మనిషి కళ్ళజోడు ఈమధ్య బియ్యం డబ్బాలో దొరికింది. కరెంటాఫీసుకని బయల్దేరి పోస్టాఫీసు వరసలో నిలబడ్డారు. ఒకసారి హైమని పట్టుకుని "నాగేంద్రమ్మా" అని పిలిచారు. నాగేంద్రమ్మ ఆయన చెల్లెలు, బొబ్బిలిలో ఉంటుంది. వీటన్నిటికీ ఇంట్లో నవ్వుకున్నారు. కానీ వీటిమీద బ్యాటరీ వచ్చి పడేసరికి నవ్వు ఆగిపోయింది. పెద్దకొడుకు దశరథ్ ఢిల్లీలో బ్యాంకు ఆఫీసరు, ఆదివారాలు వచ్చి వెళ్తుంటాడు. నిన్నటి ఆదివారం భోజనాల దగ్గర తండ్రి ముందే అనేశాడు.

"నాన్నా, ఇవాళ లైట్లు ఆపడం మర్చిపోయారు. రేపు మథురా రోడ్డు మీద బ్రేకు మర్చిపోతే? అమ్మ పక్కనే ఉంటుంది కదా. మా ఆఫీసులో ఒకాయన పాత బండి కోసం చూస్తున్నాడు. వచ్చే ఆదివారం తీసుకొస్తాను. చూడనివ్వండి."

దశరథ్ చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు, అంతే. శ్రీరాములుగారు మజ్జిగ కలుపుకుంటూ, "ఠీక్ హై," అన్నారు. పై ఆఫీసరు మాటకి తలొగ్గిన గొంతు అది. హైమకి బండి పోతే పోయింది, బస్సులున్నాయి. కానీ ఆయన లైట్లు ఆపి ఇంట్లోకొచ్చి, చెప్పులు విప్పి, మళ్ళీ చెప్పులేసుకుని బయటికెళ్ళి చూసుకోవడం ఆమె కళ్ళబడింది. ఆయనకి తన చేతుల మీదే నమ్మకం పోతోంది. ఇది ఆదివారంలోగా తేలాలి, లైట్లు మర్చిపోతున్నది ఆయనా, లేక బండిలోనే ఏదైనా ఉందా అన్నది.

మంగళవారం బండి మథురా రోడ్డు మీదున్న గుర్‌బచన్ కొట్టుకి వెళ్ళింది. బండ్ల కరెంటు పనికి ఆ చుట్టుపక్కల అతనికి మంచి పేరు. అతను బ్యాటరీ పాతదైందని కొత్తది వేశాడు. డైనమో తిప్పి చూశాడు, రెగ్యులేటరు గీకి శుభ్రం చేశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ హైమని పక్కకి పిలిచాడు.

"బేటీ, గాడీ మే కోయీ ఖరాబీ నహీ. కప్తాన్ సాబ్ బత్తీ భూల్ జాతే హోంగే. ఉమ్ర్ హై నా."

బండిలో లోపమేమీ లేదు, వయసు మీదపడి ఆయనే లైట్లు మర్చిపోతున్నారన్న ఆ మాటలో వెటకారం లేదు. అందుకే హైమకి ఇంకా మండింది.

ఇంటికొచ్చి వంటింట్లో ఆ కోపమంతా తల్లి మీద వెళ్ళగక్కింది. సత్యవతి బియ్యం ఏరుతూ విని, తన నిర్ధారణ తను చెప్పింది.

"మీ ఫిజిక్సు కాదే, నేను చెబుతా విను. ఇది శని. మనం శనివారం గుడికెళ్ళొస్తేనే బండి చస్తోంది. గురువారం కూరల మండీకి వెళ్ళొస్తే ఏమీ కాదు. పొద్దస్తమానం నువ్వుల నూనె దీపం పెడుతూనే ఉన్నాను, ఆయనకి దయ రావట్లేదు."

"అమ్మా, యే క్యా బాత్ హుయీ, ఇదేం మాట..." అంటూ నవ్వబోయి హైమ ఆగిపోయింది. శని సంగతి ఎలా ఉన్నా, అమ్మ చెప్పినదాంట్లో ఒకటి నిజం. బండి ఎప్పుడు చచ్చినా వారం మొదట్లోనే చస్తోంది. శనివారం ఆర్కే పురం గుడికి వెళ్తారు, చీకటి పడ్డాక వస్తారు. గురువారం మండీకి వెళ్తారు, ఎండ ఉండగానే వస్తారు. చీకటి పడ్డాక వస్తే లైట్లు వేసుకుని రావాలి. అంటే నాన్న లైట్లు మర్చిపోతున్నారనే వాదనకి అమ్మ మాట బలం చేకూరుస్తోంది. ఈ ఆలోచన హైమకి నచ్చలేదు. నచ్చకపోయినా పక్కన పడేయలేదు.

శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, పాత టెయిల్ లైటు బల్బుకి రెండు తీగలు అంటించింది. పరీక్ష చాలా సులువు. బండిలో అన్నీ ఆపేసి, బ్యాటరీకి ఒకవైపు కేబులు విప్పి, ఆ కేబులుకీ బ్యాటరీకీ మధ్య ఈ బల్బు పెట్టాలి. బండిలో ఏదీ కరెంటు లాగకపోతే బల్బు వెలగదు. వెలిగిందంటే ఎక్కడో ఏదో దొంగతనంగా తాగుతున్నట్టే. శ్రీరాములుగారు బానెట్ మీద చెయ్యేసి నిలబడి చూస్తున్నారు. ఈ పరీక్ష ఆయన ఎంతమందికి నేర్పారో లెక్కలేదు. ఈసారి మాత్రం ఒక్క మాట సాయం చెయ్యలేదు.

హైమ తీగ ఆనించింది. బల్బు వెలగలేదు. గీకి మళ్ళీ ఆనించింది. తలుపు తెరిస్తే లోపలి దీపం వెలిగి ఈ బల్బూ వెలిగింది, మూస్తే ఆరిపోయింది. పరీక్ష సరిగ్గానే ఉంది.

"వెలగలేదా?"

"లేదు నాన్నా."

"అయితే నేనే," అన్నారు శ్రీరాములుగారు. ఆ మాట అని, కేబులు తనే బిగించి, బానెట్ నెమ్మదిగా దించి లోపలికెళ్ళిపోయారు.

హైమకి ఏడుపొచ్చింది. ఆయన్ని గెలిపిద్దామని మొదలుపెట్టి తనే ఓడించినట్టయింది. చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడిపోయింది. అయితే ఏడుపు మధ్యలో కూడా ఒక ప్రశ్న వదల్లేదు. ఇవాళ శుక్రవారం. ఈ బండి శుక్రవారాలు ఎప్పుడు చచ్చింది గనక? జ్వరం లేని రోజున థర్మామీటరు పెట్టి జ్వరమే లేదనుకుంటే ఎలా?

మర్నాడు గుడికి తనూ వస్తానంది. మామూలుగా శనివారాలు పుస్తకం వదలని పిల్లకి ఇంత భక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని సత్యవతి మురిసిపోయింది. శ్రీరాములుగారికి అది బండితో ఆఖరి ప్రయాణమని తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఏషియాడ్ ఆటల కోసం కట్టిన కొత్త ఫ్లైఓవర్ల మీద గేరు మార్చిన చప్పుడే వినపడనంత మెత్తగా తోలారు. హైమ వెనక సీట్లో ఆయన వెనకాలే కూర్చుని, ఆయన చేతులవైపే చూస్తూ ఉంది. తిరుగుదారిలో ముందు సీట్లోంచి తల్లి సణుగుడు వినిపించింది.

"ఆ కిటికీ తిప్పే హ్యాండిలు ఎప్పుడు పెట్టిస్తారండీ? వానాకాలంలో ఊడిపోయింది, ఇప్పటిదాకా దిక్కులేదు. గాలి సంగతి అటుంచండి, ప్రసాదం సంచీ తగిలించుకోడానికి ఉండేది. కింద పెడితే కాళ్ళు తగులుతాయి. ఒళ్ళో పెట్టుకుంటే కునుకు పట్టగానే జారిపోతుంది. ఈ అరలో చూస్తే మీ నూనె గుడ్డలాయె."

"రేపటినుంచి ఆ బాధ ఉండదులే," అన్నారు శ్రీరాములుగారు.

ఇంటిముందు ఆగేసరికి మసకచీకటి పడింది. ఆయన పరేడ్‌లో చెప్పినట్టు పైకే చెప్పారు: "హెడ్‌లైట్ బంద్. ఇంజన్ బంద్." హైమ వెనకనుంచి వంగి చూసింది. స్విచ్చి లోపలికి నొక్కే ఉంది. దిగి ముందుకెళ్ళి దీపాలు చూసింది, వెనకకెళ్ళి చూసింది. అన్నీ ఆరిపోయే ఉన్నాయి. సత్యవతి ప్రసాదం సంచీని అడుగున ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తి, కళ్ళకద్దుకుని ఇంట్లోకి వెళ్ళింది.

హైమ చీర కుచ్చెళ్ళు దోపుకుని బానెట్ ఎత్తింది. కేబులు విప్పి బల్బు ఆనించింది.

వెలిగింది. నీరసంగా, ఎర్రగా, కానీ వెలిగింది.

"నాన్నా!"

శ్రీరాములుగారు పరుగులాంటి నడకతో వచ్చారు. బల్బు చూశారు, కూతుర్ని చూశారు. "నేను లైట్లు ఆపాను," అన్నారు.

"ఆపారు. ఈసారి నేను కళ్ళారా చూశాను."

ఆయన మొహం వికసించడం ఆ మసకలో కూడా తెలిసింది. ఒక్కసారిగా వర్క్‌షాపు ఫోర్‌మన్ అయిపోయారు. "అయితే పట్టుకుందాం దొంగని. ఫ్యూజులు తియ్యి. ఒకటొకటిగా."

ఆ బండికి ఉన్నవే రెండు ఫ్యూజులు. మొదటిది తీసింది, బల్బు వెలుగుతూనే ఉంది. రెండోది తీసినా అంతే. "శభాష్," అన్నారు శ్రీరాములుగారు, బల్బునే మెచ్చుకుంటున్నట్టు. "ఫ్యూజుల దారిన పోయేది కాదన్నమాట. డైనమో వైపు చూడు." రెగ్యులేటరు దగ్గర తీగలు విప్పింది. బల్బు అలాగే ఉంది. ఆయన చేతులు రుద్దుకుంటూ నవ్వేశారు. ఎన్నో నెలల తర్వాత విన్న నవ్వు అది.

"ఇక మిగిలిందేంటి?"

"బ్యాటరీ నుంచి స్టార్టరుకి వెళ్ళే లావు కేబులు."

"దాని కొస చూడు. లావు కేబులుతో పాటు ఇంకేమైనా ఉందేమో."

టార్చి వేసి చూసింది. ఉంది. లావు కేబులు బిగించిన బోల్టుకే, మురికిలో కలిసిపోయి, నల్ల గుడ్డ తొడుగులో సన్నటి తీగ ఒకటి. ఫ్యూజు లేదు, ఏమీ లేదు. అది ఇంజన్ గోడలోని రంధ్రంలోంచి బండి లోపలికి దూరింది. హైమ ముందు సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, డాష్‌బోర్డు కింద తల దూర్చి వెతికింది. సత్యవతి కూర్చునే వైపు, అర కింద, వేలెడంత ఇత్తడి మీట ఉన్న చిన్న స్విచ్చి ఒకటి కనిపించింది. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. పాత బండిలో పనిచెయ్యనివి సవాలక్ష ఉంటాయి, అదీ ఒకటనుకునేది. మీట కిందికి వంగి ఉంది. మీటకి కుంకుమ మరక అంటుకుని ఉంది.

హైమ మీటని పైకి ఎత్తింది.

"ఆరిపోయింది!" అని ముందునుంచి తండ్రి కేక. కిందికి నొక్కింది. "వెలిగింది!" పైకి. "ఆరింది!" హైమ సీటు మీద వెనక్కి వాలి, ఆ మీటనే చూస్తూ ఉండిపోయింది. కళ్ళ ముందు తల్లి చేతులు మెదిలాయి. కిటికీ హ్యాండిలు ఊడినప్పట్నుంచీ కొబ్బరికాయలూ అరటిపళ్ళూ ఉన్న సంచీని అమ్మ ఈ మీటకి తగిలిస్తోంది. ఆ బరువుకి మీట కిందికి దిగుతోంది. కూరల సంచీ అయితే విసురుగా పైకి లాగుతుంది, దాంతోపాటే మీటా పైకి లేస్తుంది. ప్రసాదం సంచీని అలా లాగదు కదా. కింద చెయ్యి పెట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుతుంది. మీట కిందే ఉండిపోతుంది. మళ్ళీ గురువారం కూరల సంచీ వచ్చేదాకా అంతే. శుక్రవారం పరీక్షకి బండి అందుకే అంత బుద్ధిగా ఉంది.

"శనీశ్వరుడు దొరికాడు నాన్నా," అంది హైమ. "ఇంట్లో చక్కెరపొంగలి సర్దుతున్నాడు." విషయం చెబితే ఆయన బానెట్ పట్టుకుని నవ్వారు.

"అది సరే. ఆ స్విచ్చి దేనికి? కరెంటు ఎక్కడికి పోతోంది?"

అది ఇద్దరికీ తెలీదు. తీగ మళ్ళీ కాలికింద చాప అంచున పడి వెనక్కి వెళ్ళి, నేలలోని రంధ్రంలోంచి బండి కిందికి దిగిపోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫరీదాబాద్‌లో సాయంత్రాలు కరెంటు పోవడం వింతేమీ కాదు గానీ, ఆ పూట అది మేలే చేసింది. శ్రీరాములుగారు ఫ్యూజులూ రెగ్యులేటరు తీగలూ తిరిగి పెట్టి, పరీక్ష బల్బు తీసేసి కేబులు నేరుగా బిగించారు. హైమ మీట కిందికి దించి, వెనకవైపుకి నడిచింది. వీధంతా చీకటి. బండి కింద మాత్రం గుప్పెడు వెలుతురు ఉంది.

ఆమె నేలమీద బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. డిక్కీ అడుగున రేకు కత్తిరించి చేసిన చిన్న గొడుగు, దానిలోపల చిన్న బల్బు. వెలుతురు బయటికి పోకుండా సూటిగా ఒక్కచోటే పడుతోంది, వెనక చక్రాల ఇరుసు మధ్యనున్న ఇనుప గుండు మీద. గుండంతా మట్టి పట్టి ఉంది. చేతిగుడ్డతో తుడిచింది. మట్టి కింద తెల్ల రంగు బయటపడింది. తుడిచేకొద్దీ తెల్లగా, గుండ్రంగా మెరిసింది.

శ్రీరాములుగారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి చూశారు. "అరె! కాన్వాయ్ లైట్!"

"అంటే?"

"ఫౌజీ బండ్లకి ఉంటుందమ్మా. రాత్రిపూట శత్రువుకి కనపడకూడదు, హెడ్‌లైట్ వెయ్యకూడదు. వరసగా నలభై బండ్లు కొండదారిలో పోవాలి. మరి వెనకవాడికి దారెలా తెలుస్తుంది? ముందు బండి ఇరుసుకి తెల్ల రంగు వేసి, దానిమీద ఈ చిన్న దీపం పెడతారు. పైనుంచి కనపడదు, పక్కనుంచి కనపడదు. వెనకున్న డ్రైవరుకి మాత్రం తెల్లచుక్క ఒకటి కనిపిస్తుంది. వాడు రోడ్డు చూడడు, లోయ చూడడు. ఆ చుక్కనే చూస్తూ పోతాడు." ఆయన గొంతులో ఎప్పటిదో హుషారు. ఒక్క వివరం కూడా తడుముకోలేదు. "మన బండికి ఎవడు పెట్టాడో! దీన్ని అమ్మిన కర్నల్ సాబే పెట్టించుంటాడు. చూడు, ఎంత నీటుగా చేశాడో. మంచి పనివాడెవడో."

హైమ టార్చి వెలుగు తీగ వెంట పోనిచ్చింది. తీగని బండి అడుగు భాగానికి మైనం దారంతో కట్టారు. చుట్లు ఒత్తుగా పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి ముడి చివరా చిన్న చెవి బయటికి వదిలి ఉంది.

ఆమె టార్చి ఆర్పేసింది. ఎదురింటి చిక్కుడు పందిరికి ఉన్న ముడి వేరు, లోకంలో అందరి ముళ్ళూ వేరు. ఈ ముడి వేసే మనిషి ఆమెకి తెలిసినవాడు ఒక్కడే. ఆయన పక్కనే వంగి, తన పనిని తనే మెచ్చుకుంటున్నారు. హైమ ఇంతసేపూ వెతికింది ఇది దొరకాలని కాదు.

లాంతరు పట్టుకుని సత్యవతి బయటికొచ్చింది. సంచీ సంగతి వినగానే నోటిమీద చెయ్యేసుకుంది. "నేనా! ఇన్నాళ్ళూ నేనా బండిని చంపింది? అయ్యో, ఈయన్ని ఎన్నేసి మాటలన్నాం!" తర్వాత వంగి ఆ వెలుగు చూసి, "ఓసి దీని దుంపతెగ, ఇది ఇంకా ఉందా? ఏవండీ, మీరప్పుడు..." అంటూండగానే హైమ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. సత్యవతి కూతురి మొహం చూసి మాట మింగేసింది.

శ్రీరాములుగారు ఇదేమీ గమనించలేదు. వెనక చక్రం దగ్గర ఒకచోట దారం చివికి తీగ వేలాడుతోంది. "ఇది వదిలేస్తే చక్రానికి చుట్టుకుంటుంది," అంటూ కింద కూర్చున్నారు. జేబులోంచి దారపుండ తీశారు. లాంతరు దగ్గరికి తెమ్మని, చెయ్యి లోపలికి చాపి కట్టడం మొదలుపెట్టారు. వేళ్ళు వాటంతట అవే తిరిగాయి. చుట్లు ఒత్తుగా పడ్డాయి. కొస మడత పడి లోపలికి దూరింది. చెవి బయటికొచ్చింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన తన ముడిని చూశారు. దాని పక్కనే, మట్టిపట్టిన పాత ముడిని చూశారు. రెంటినీ బొటనవేలితో ఒకదాని తర్వాత ఒకటి తడిమారు.

"సత్యం," అన్నారు భార్యవైపు తిరిగి. "ఇది నేను పెట్టిందేనా?"

సత్యవతి లాంతరు కింద పెట్టి ఆయన పక్కనే గేటు మెట్టు మీద కూర్చుంది. "మీరేనండీ. డెబ్బై ఒకటి యుద్ధంలో. మనం కంటోన్మెంట్‌లో ఉండేవాళ్ళం. ఊరంతా దీపాలార్పేవారు, కిటికీలకి నల్ల కాగితాలు అంటించేవాళ్ళం. సాయంత్రం బడి వదిలేసరికి చీకటిపడిపోయేది. పిల్లల్ని తెచ్చే ట్రక్కు డ్రైవరు కుర్రాడు, దీపాల్లేకుండా తోలలేనని ఏడ్చాడు. మీరు రెండు రోజులు కూర్చుని ఇది చేశారు. రోజూ డ్యూటీ అవగానే బడికెళ్ళి, ముందు ఈ బండిలో మీరు, వెనక ట్రక్కు. కాలనీలో ప్రతి తల్లీ గుమ్మంలో నిలబడి మీ చప్పుడు కోసం వినేది."

శ్రీరాములుగారు విన్నారు. వేరెవరి సంగతో విన్నట్టు శ్రద్ధగా విన్నారు. "గుర్తు రావట్లేదు," అన్నారు.

హైమకి మాత్రం లీలగా ఏదో తోచింది. చీకట్లో ఒక ట్రక్కు, డీజిలు వాసన, ముందు సీట్లో డ్రైవరు పక్కన తను. ఎదురుగా నేలకి జానెడెత్తున ఒక చందమామ, అందకుండా ముందు ముందుకే పోతూ. అది చిన్నప్పటి కల అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

"నాన్నా, ఆ ట్రక్కులో నేనున్నాను," అంది. "ఈ చుక్క చూశాను. చూసీ మర్చిపోయాను. నాకూ గుర్తు లేదు."

"నువ్వప్పుడు పదేళ్ళ పిల్లవి తల్లీ. నేను పిల్లాణ్ణి కాదు." ఆయన కోపంగా అనలేదు, బెంగగానూ అనలేదు. బోల్టు బిగువు చూసి చెప్పినట్టు చెప్పారు. "లైట్లు నేను మర్చిపోలేదు. ఇది మర్చిపోయాను. రెండూ నిజమే. మీ అన్నయ్యకి రెండూ చెప్పు."

చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి హైమ చేతిలో పెట్టారు. "బండి అమ్మటం లేదని కూడా చెప్పు. నీకు తోలడం నేర్పింది నేనేగా, తోలేది ఇకనుంచి నువ్వు. నేను పక్కన కూర్చుంటాను. తప్పు తోలితే తిడతాను, అది మర్చిపోనులే."

సత్యవతి నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. వీధిలో కరెంటు ఇంకా రాలేదు.

"ఒకసారి తియ్యి బండి," అన్నారాయన. "లైట్లు వెయ్యకు. ఫస్టు గేరులో, వీధి చివరిదాకా చాలు."

"మీరు ఎక్కరా?"

"నేను వెనకాల నడుస్తాను. అది ఎలా కనిపిస్తుందో చూడాలి."

కొత్త బ్యాటరీ మొదటి తిప్పుకే అందుకుంది. హైమ క్లచ్చి వదిలి నడక వేగంతో పోనిచ్చింది. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు బండి తోయాలేమోనని లేచి, అవసరం లేదని చూసి మళ్ళీ కూర్చున్నారు. అద్దంలో చూస్తే ఉత్త చీకటి, తండ్రి కనపడలేదు. చెప్పుల చప్పుడు వినిపిస్తుందేమోనని తన పక్క కిటికీకి చెవి వొగ్గింది. ఇంజన్ మోతలో ఏమీ తెలియలేదు. వీధి మలుపు వచ్చింది. భయమేసి బ్రేకు మీద కాలు పెట్టబోయింది.

వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఆగకమ్మా, పోనియ్. కనిపిస్తోంది."